నల్లకుంట నంబరు

హనుమకొండ

తమ్ముడూ,

ప్రధాన సంఖ్యల ప్రశ్న రాగానే చెయ్యి ఆడటం లేదని రాశావు. కోచింగ్‌లో నేర్పే షార్ట్‌కట్లు చెడ్డవని అనను. కాకపోతే అవి ఎక్కడిదాకా పనిచేస్తాయో కూడా తెలిసుండాలి. కవరు మీద నీ పిన్‌కోడ్ రాస్తుంటే మంచి లెక్కే దొరికింది: నల్లకుంట, 500044.

చివర 44 ఉంది కాబట్టి 4తో భాగించెయ్. మిగిలేది 125011. తొందరపడేది ఇక్కడే. అంకెల మొత్తం 10, కనుక 3 భాగించదు. 7, 11, 13ల లబ్ధం 1001 కాబట్టి ఆ మూడింటినీ ఒక్క దెబ్బకే చూడొచ్చు. సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీసి 125లోంచి 011 తీసెయ్. వచ్చిన 114ను ఆ మూడింటిలో ఏదీ భాగించదు. అయినా ప్రధాన సంఖ్య అని టిక్కు పెట్టకు. 17, 19, 23... అలా వెళ్తూ ఉండు. 149 దగ్గర దొరికిపోతుంది: 149 × 839.

ఎంతదాకా వెళ్లాలంటావా? వర్గమూలం దాకా. ఇక్కడ అది 353 పైచిలుకు. రెండు కారణాంకాలూ అంతకన్నా పెద్దవైతే లబ్ధం అసలు సంఖ్యను దాటిపోతుంది కదా! మూడంకెల సంఖ్యకైతే 31 వరకు ఉన్న పదకొండు ప్రధాన సంఖ్యలు చాలు. వాటిని నోటికి పట్టెయ్.

కారణాంకాలు చేతికొచ్చాయంటే మిగతాది తేలిక. 500044కు భాజకాలు 12. వాటి మొత్తం 7 × 150 × 840, అంటే 8,82,000. ఇంత వంకర సంఖ్యకు అంత గుండ్రటి మొత్తమేమిటో! (పరీక్షకు పనికిరాదులే, నాకు ముచ్చటేసి రాశాను.)

నువ్వు చదువుకునే చిక్కడపల్లి లైబ్రరీది 500020. దాన్ని 20తో భాగిస్తే 25001 మిగులుతుంది. అదీ ప్రధాన సంఖ్యలాగే కనిపిస్తుంది గానీ 23 × 1087. నారాయణగూడ 500029 మాత్రం లొంగదు. దాని వర్గమూలం 707 పైచిలుకు. 2 నుంచి 701 దాకా ఉన్న 126 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ దాన్ని భాగించదు. ఒక్కసారైనా కాగితం మీద ఆ లెక్క మొత్తం చెయ్యి. పుస్తకంలో వర్గమూలం నియమం పదిసార్లు చదివినా అంత వంటబట్టదు.

ఇంకో విశేషం. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తమవుతుందని ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాశాడు. నిరూపించింది మాత్రం తర్వాతి శతాబ్దంలో ఆయిలర్. 500029 ఆ కోవలోదే: 702² + 85². నల్లకుంటకు ఆ యోగం లేదు. దాని కారణాంకం 839ని 4తో భాగిస్తే శేషం 3 వస్తుంది, పైగా అది ఒక్కసారే ఉంది; అలాంటి ప్రధాన కారణాంకం ఒక్కసారే ఉంటే రెండు వర్గాల మొత్తం కుదరదు. చిక్కడపల్లికి 23 అలాగే అడ్డుపడుతుంది.

నారాయణగూడకు ఇంకో జత దొరికిందని మీ రూములో ఎవరైనా అంటే కూడిక సరిచూసుకోమను. ప్రధాన సంఖ్యకు అలాంటి జత ఒక్కటే ఉంటుంది.

మీ అక్క