మాలాకారుని పాండిత్యము

శ్రీకృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరు మన్ననారుస్వామికి పూలమాలలు సమర్పించు భాగవతుడు. పాండ్యరాజు కొలువున కేగి పరతత్త్వమును నిరూపింపుమని స్వామి ఆనతిచ్చినపుడు, తోటపని తప్ప శాస్త్రమెరుగని తన వలన అది యెట్లగునని ఆయన వెనుకాడెను. అయినను స్వామి పంపున వెళ్లి, ఆ సభలోని పండితులను జయించెను.

విద్యాపీఠముల యాశ్రయము లేకయే విద్యాకార్యమునకు పూనుకొనువారికి ఈ కథ ఎంతయో ఊరట. తెలుగునాట అట్టివారిలో సురవరము ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు.

ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివినవారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నేడు వికారాబాద్ జిల్లాలో చేరియున్న దౌల్తాబాద్, కొడంగల్ ప్రాంతము నాడు నిజాము రాజ్యమున గుల్బర్గా జిల్లాలోనిది. 1956లో గాని తెలుగు రాష్ట్రమున చేరలేదు. సర్కారు వ్యవహారమంతయు ఉర్దూలోనే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే. ఇంటింట భాగవతము చదువుకొను తెలుగువారికి తమ భాషా మాధ్యమమున విశ్వవిద్యాలయ విద్య ఆ రాజ్యమున లేకపోయెను. ఇట్లుండగా, నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినది. ఆ మాటకు ఆగ్రహించి ఊరకున్నచో నేటికిని అదియే నిలిచియుండెడిది. ప్రతాపరెడ్డిగారు పత్రికాముఖమున కవుల వివరములను, పద్యములను సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. వాదమునకు పట్టికయే ఉత్తరము!

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర మరియొక సాహసము. రాజుల యుద్ధములను ప్రక్కనుంచి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ పండుగలు చేసిరి అని కావ్యములలో వెదకిన గ్రంథమిది. ఆముక్తమాల్యదయు అందుకొక ఆధారము. విష్ణుచిత్తుడు వైష్ణవ అతిథులకు వానకాలమున పప్పు, కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేతితోను, వేసవిలో చెరకురసము, కొబ్బరినీరు, మజ్జిగతోను విందుచేయు పద్యములు భక్తునికి భాగవతారాధన. చరిత్రకారునికి ఆ కాలపు వంటయిల్లు. ఒకటి రెండవదానికి అడ్డురాదు.

విశ్వవిద్యాలయము లక్కరలేదని దీని తాత్పర్యము కాదు. తప్పు దిద్దు సహాధ్యాయులు లేని చోట స్వతంత్ర పరిశోధకుడు తన్ను తానే దిద్దుకొనవలెను, అది కఠినతరము. ప్రతాపరెడ్డిగారు 1953లో పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి పురస్కారము ఆ సాంఘిక చరిత్రకే లభించినది.