గుర్రం బాగుందా అని అడిగారా?

ప్రశ్న: నాచారంలో ఉంటున్నాను. పోలో జీటీ టీఎస్ఐ, 2018 మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకుంటున్నాను. ఉప్పల్‌లో ఒక డీలర్ దగ్గర ఒకటి, హబ్సిగూడలో నేరుగా ఓనర్ దగ్గర ఇంకొకటి ఉన్నాయి. ఓనర్ బండి యాభై వేలు తక్కువకే వస్తోంది. ‘షోరూమ్ ట్రాక్ ఉంది, నాన్ యాక్సిడెంటల్. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తాను, మీకు వీలైనప్పుడు ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి’ అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. కానీ ఆ ‘వీలైనప్పుడు’ అన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక గుర్రం కథ వినండి.

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మోసం అంటే ఏమిటో చెప్పే 17వ సెక్షన్ కింద ఉదాహరణగా ఒక గుర్రాన్ని కట్టేశారు. గుర్రానికి జబ్బుందని అమ్మేవాడికి తెలుసు. వేలంలో ఆ ఊసెత్తకుండా అమ్మేశాడు. అది మోసం కాదు పొమ్మంటుంది చట్టం. మరో ఉదాహరణలో కొనేవాడు, ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అన్నాడు. అమ్మేవాడు నోరు మెదపలేదు. ఈసారి ఆ మౌనం మాటతో సమానం. రెండుసార్లూ గుర్రం అదే, జబ్బూ అదే. కొనేవాడు నోరు తెరిచి అడగడమే తేడా.

మీరు కొనబోయేది నూట అయిదు గుర్రాల బండి. కాబట్టి అడగండి. అదీ వాట్సాప్‌లో. బండి ఎప్పుడైనా గుద్దిందా? ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ ఓపెన్ చేశారా? డీఎస్‌జీ మెకట్రానిక్ యూనిట్ మార్చారా? ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి రీమ్యాప్ చేయించారా? మీటర్ రీడింగ్ అసలుదేనా? నీళ్లలో మునిగిందా? ‘లేదు సార్, పక్కా కండిషన్’ అని జవాబు వస్తే రేపు అదే మీ సాక్ష్యం. ఆ చాట్ ఉన్న ఫోన్‌ను మార్చేయకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది, అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని సులువు. ‘అవన్నీ ఫోన్లో మాట్లాడుకుందాం’ అని దాటేస్తే, అదీ ఒక జవాబే అనుకోండి.

అయితే అడిగి ఊరుకుంటే చాలదు. మామూలు జాగ్రత్తతో మీరే తెలుసుకోగలిగిన విషయాన్ని చూసుకోకుండా వదిలేస్తే, ఎదుటివాడి మౌనాన్ని సాకుగా చూపి ఒప్పందం రద్దు చేయమనడం కుదరదని అదే చట్టం 19వ సెక్షన్ అంటుంది. అందుకని మీ తరఫు మెకానిక్‌ను వెంటబెట్టుకు వెళ్లండి, అమ్మేవాళ్లు చూపించిన షెడ్డుకు కాదు. మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. 2020 అక్టోబరు వానలకు హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో కార్లు మునిగాయి. మీరు చూసిన బండి 2018ది, కాబట్టి సీట్ బెల్టును చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే మూరెడు ముక్కను షాంపూ కొట్టేవాళ్లు చాలాసార్లు ముట్టుకోరు, అక్కడ బురద గీత కనిపించవచ్చు. స్టెప్నీ తీసి కింద గుంతలో తుప్పుందేమో చూడండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఇరవై వేలే తిరిగిందన్న బండికి రెండో జత టైర్లుంటే ఎందుకని అడగాల్సిందే.

రీమ్యాప్ గురించి అడగమన్నది ఊరికే కాదు. ఇలాంటి బండ్లు కొన్న కుర్రాళ్లలో కొందరు ‘స్టేజ్ వన్’ అనో, సైలెన్సర్ మార్పు అనో ఏదో ఒకటి చేయించకుండా ఉండరు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి తప్పేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కొన్నాక రోడ్డు మీద పట్టుబడేది మీరు. పైగా క్లెయిమ్ నిరాకరించడానికి బీమా కంపెనీకి ఒక కారణం మీరే అందించినట్టవుతుంది.

ఇక డీలరా, ఓనరా? ఆ యాభై వేలు దేనికో చూడండి. వ్యాపారంగా అమ్మే డీలర్ మీద వినియోగదారుల చట్టం పనిచేస్తుంది, బండి సెకండ్ హ్యాండ్ అయినా సరే. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. డీలర్ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే వేయొచ్చు. అయిదు లక్షల దాకా ఫీజు లేదు, అయిదు నుంచి పది లక్షల మధ్య 200 రూపాయలు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా సరే. సొంత కారు అమ్ముకునే మనిషి మీద ఈ దారి లేదు. సివిల్ కోర్టుకు వెళ్లాలి, పచ్చి మోసమైతే పోలీసు కేసు పెట్టాలి. ఆ దారుల్లో వాట్సాప్ చాట్ విలువ ఇంకా పెరుగుతుంది.

డీలర్ దగ్గర ఒక కాగితం తప్పక చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలి, అది 29బి ఫారం. ఓనర్ బండిని డీలర్‌కు అప్పగించినట్టు ఆర్టీఏకు 29సి ఫారంలో తెలియజేస్తే, అక్కడి నుంచి డీలర్నే యజమానిగా లెక్కిస్తారు. ఇవి చూపించలేని చోట మీరు బోర్డున్న బ్రోకర్‌తో బేరమాడుతున్నారన్నమాట.

సంతకాల ఫారాల సంగతికి వస్తాను. తేదీ వేయని 29, 30 ఫారాలతో బండి తిప్పడం మనవాళ్లకు అలవాటే. 2009లో ఒక కారు గుద్ది పిల్లవాడు చనిపోయాడు. రికార్డులో ఉన్న ఓనర్ దాన్ని 2007లోనే అమ్మేశానన్నాడు. తర్వాత అది మరికొన్ని చేతులు మారింది. ఆర్సీలో మాత్రం పేరు మారలేదు. పరిహారం ఆ పేరున్న మనిషే కట్టాలని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. ఇది అమ్మేవాళ్లకు వణుకు పుట్టించే తీర్పు, మీ ఓనర్‌కు చెప్పి చూడండి. పేరు మార్చమని ఆయనే మీ వెంటపడతారు.

మీకూ నష్టం తక్కువేం కాదు. థర్డ్ పార్టీ బీమా బండితో పాటు మీకు వస్తుంది, మీ బండి సొంత డ్యామేజీకి వచ్చేది మాత్రం మీ పేరుకు మార్చుకుంటేనే. పద్నాలుగు రోజుల్లోపు బీమా కంపెనీకి రాయండి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినాయనదే, బండిది కాదు. ఆర్టీఏకు ఆయన పద్నాలుగు రోజుల్లో, మీరు ముప్ఫై రోజుల్లో తెలపాలి. నంబరు టీఎస్ 08 అయితే మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా బండే. కర్ణాటకదో ఢిల్లీదో అయితే అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ‘చవక’ లెక్క ఆ ట్యాక్స్ కలిపి వేసుకోండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, 35వ ఫారం చేతికొచ్చేదాకా టోకెన్ తప్ప పైసా ఇవ్వకండి.

డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపండి, బావమరిది ఫోన్‌పేకు కాదు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకోదు.

బండి తీసుకునే రోజు డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైము, మీటర్ రీడింగ్ రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. సాయంత్రం నాలుగున్నరకు తాళాలు మీ చేతికొస్తే, అదే రోజు మూడింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పడిన సిగ్నల్ జంపింగ్ చలానా ఎవరిదన్న గొడవ ఉండదు.