వాతావరణ చర్చల్లో ఎవరి మాట చెల్లుతుంది? తరచూ అడిగే ప్రశ్నలు

ఏటా సంవత్సరం చివర్లో పత్రికల్లో ‘కాప్’ సదస్సు వార్తలు వస్తాయి. అక్కడ రాసుకునే వాక్యాలు సముద్రతీరంలో బతికేవాళ్లకూ, వానను నమ్ముకుని సాగుచేసేవాళ్లకూ నేరుగా సంబంధించినవి. ఆ చర్చల నియమాలు తెలిస్తేనే ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

కాప్ అంటే ఏమిటి?

1992లో రియో ధరిత్రీ సదస్సులో దేశాలు సంతకాలు మొదలుపెట్టిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక 1994లో అమల్లోకి వచ్చింది. అందులోని సభ్యదేశాల మహాసభే కాప్. మొదటిది 1995లో బెర్లిన్‌లో, ఎనిమిదోది 2002లో ఢిల్లీలో జరిగాయి. సచివాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. ఏటా సంవత్సరం మధ్యలో అక్కడే అధికారులు కూర్చుని ముసాయిదాల మీద కసరత్తు చేస్తారు. మంత్రులు వచ్చేది చివరి ఘట్టానికే.

నిర్ణయాలకు ఓటింగు ఉంటుందా?

ఉండదు. సభ నియమావళిలో ఓటింగు గురించి చెప్పే 42వ నిబంధన మీద దేశాలకు ఇంతవరకూ రాజీ కుదరలేదు. అందుకే అంతా ఏకాభిప్రాయంతో నడుస్తోంది. అంటే అందరూ ఒప్పుకున్నారని కాదు, నిర్ణయాన్ని ఆపేంత అభ్యంతరం ఎవరూ చెప్పలేదని. అది తేల్చేది సభాధ్యక్షులే. 2010లో కాంకున్‌లో బొలీవియా వద్దంటున్నా, ఒక్క దేశం అందరినీ ఆపలేదంటూ అధ్యక్షురాలు నిర్ణయం ఆమోదం పొందినట్టు ప్రకటించారు.

చిన్న దేశాన్ని ఎవరు లెక్కచేస్తారు?

ఒంటరిగా వస్తే కష్టమే. అందుకే దేశాలు జట్లు కడతాయి. వర్ధమాన దేశాలకు జీ-77, చైనా కూటమి ఉంది. భారత్ అందులోనూ, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, చైనాలతో కలిసిన ‘బేసిక్’ జట్టులోనూ ఉంది. సముద్రమట్టం పెరిగితే మునిగిపోయే చిన్న ద్వీపదేశాలకు వేరే కూటమి ఉంది. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపే ప్రయత్నం చేయాలన్న మాట 2015 పారిస్ ఒప్పందంలో చేరడానికి ఆ ద్వీపదేశాల పట్టుదలే ముఖ్య కారణం. ఏకాభిప్రాయం వల్ల చర్చలు నత్తనడక నడుస్తాయన్నది నిజమే. కానీ బలహీనులకు ఉన్న బలం కూడా అదే.

ఒక్క మాట కోసం తెల్లవార్లూ ఎందుకు వాదిస్తారు?

రాజీ కుదరని పదాలన్నిటినీ ముసాయిదాలో చదరపు బ్రాకెట్లలో ఉంచుతారు. వాటిని తొలగించడమే చర్చల అసలు పని. 2021లో గ్లాస్గోలో బొగ్గు వాడకాన్ని ‘క్రమంగా ఆపేయాలి’ అన్న మాటను భారత్ చివరి నిమిషంలో ‘క్రమంగా తగ్గించాలి’ అని మార్పించింది. ఆ చిన్న మార్పులో కోట్లమంది కరెంటు, ఉపాధి ఉన్నాయి. ద్వీపదేశాల భయమూ ఉంది.

మాట తప్పిన దేశానికి శిక్ష ఉందా?

లేదు. పారిస్ ఒప్పందం ప్రకారం ప్రతి దేశమూ అయిదేళ్లకోసారి తన లక్ష్యాన్ని ప్రకటించాలి, ఎంతవరకు వచ్చిందో లెక్క చెప్పాలి. లక్ష్యాన్ని చేరకపోతే జరిమానా లేదు. పర్యవేక్షక కమిటీ సాయం చేస్తుందే తప్ప శిక్షించదు. బయటికి వెళ్లిపోవడమూ సాధ్యమే. కెనడా 2011లో, పారిస్‌కు ముందటి క్యోటో ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అయితే 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యతేనని సలహా రూపంలో అభిప్రాయం చెప్పింది. అది ఏ దేశాన్నీ నేరుగా కట్టిపడేసే తీర్పు కాదు, కానీ ఇకపై వాదనలకు గట్టి ఆధారం.

నష్టపోయినవాళ్లకు పరిహారం హక్కు ఉందా?

పారిస్ ఒప్పందం కింద లేదు. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో నష్టనిధి ఏర్పాటుకు దేశాలు ఒప్పుకున్నాయి. కానీ పారిస్ ఒప్పందంలోని నష్టం గురించిన అధికరణం పరిహారానికి ఆధారం కాదని 2015లోనే తీర్మానంలో రాసుకున్నారు. 2024లో బాకూలో సంపన్న దేశాల చొరవతో 2035 నాటికి వర్ధమాన దేశాల వాతావరణ చర్యలకు ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూర్చాలన్న లక్ష్యానికి ఆమోదం తెలిపినట్టు అధ్యక్షుడు సుత్తి కొట్టగానే, అది ఏ మూలకూ చాలదని భారత్ నిరసన తెలిపింది.

మామూలు పౌరులు సదస్సులోకి వెళ్లవచ్చా?

గుర్తింపు పొందిన సంస్థ తరఫున పరిశీలకులుగా వెళ్లవచ్చు. రైతులు, మహిళలు, యువత, ఆదివాసులు, కార్మిక సంఘాలకు విడివిడి బృందాలున్నాయి. అధ్యక్షులు అనుమతిస్తే మాట్లాడవచ్చు. నిర్ణయంలో భాగం ఉండదు. తలుపులు మూసి జరిపే చర్చల్లోకి ప్రవేశమూ ఉండదు.

మరి మనం ఇక్కడ ఏం అడగవచ్చు?

చాలానే అడగవచ్చు. 2030 నాటికి విద్యుత్తు స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే కావాలని భారత్ మాటిచ్చింది. 2025లోనే అది చేరామని కేంద్రం ప్రకటించింది. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. నిజంగా వాడే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే, కాబట్టి ఆ లెక్క అడగండి. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద హక్కేనని 2024లో రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వాతావరణ కార్యాచరణ ప్రణాళికలు ఉన్నాయి. మీ జిల్లాకు అందులో ఏముందో, ఎంత ఖర్చుపెట్టారో 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెలుసుకోవచ్చు. పరిశ్రమలకు పర్యావరణ అనుమతుల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో మీ మాట రికార్డు చేయించవచ్చు. అంతర్జాతీయ వేదికకు శిక్షించే అధికారం లేదు కనుక, అక్కడ ఇచ్చిన మాటను నిలబెట్టించాల్సింది ఇక్కడి పౌరులే.