పొరుగింటి దాసోహము

అనంతపురము మెట్టసీమలో వేరుశనగ ఎండిన యేట పల్లెలు సగము ఖాళీయగును. ఒంట్లో సత్తువ గలవారు బెంగుళూరునకో, కేరళకో కూలికి పోవుదురు. తాళము వేసిన ఇండ్ల నడుమ ముసలివారు మిగులుదురు. కొడుకు పంపిన సొమ్ము చేరవచ్చును. కాని బిందెడు నీళ్లు తెచ్చి పోయువారు, చూపు మందగించిన వేళ మందుచీటి చదివి చెప్పువారు దొరకరు.

2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పల్లెలలో ఏబది ఇండ్లకొక వాలంటీరును గౌరవవేతనముపై నియమించెను. వారు పింఛను ఇంటికే తెచ్చి యిచ్చిరి. 2024 ఏప్రిల్ నాటికి ఎన్నికల సంఘము ఆదేశముచే ఆ పని వారినుండి తప్పినది. ఆ జులై మొదలు సచివాలయ ఉద్యోగులు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనును ఇంటివద్దనే ఇచ్చుచున్నారు. సొమ్మునకు దారి దొరకినది. తక్కిన దినములలో తలుపు తట్టువారెవరు?

వేతనములేని సేవకు కేరళ మంచి దృష్టాంతము. 1993లో కోళిక్కోడులో కొందరు వైద్యులు ఆరంభించిన ఉపశమన చికిత్స క్రమముగా మలప్పురము మొదలగు చోట్ల ఇరుగుపొరుగువారి చేతికి వచ్చినది. వారమునకు కొన్ని గంటలు ఇయ్యగలవారు తర్ఫీదు పొంది, మంచము పట్టినవారి ఇండ్లకు పోవుదురు. వైద్యుడును నర్సును వెనుక నిలిచి తోడ్పడుదురు.

బసవేశ్వరుడు బోధించిన దాసోహము పంక్తిభోజనముతో ముగియునది కాదు. మఠము అరుగుపై ఒక నోటుపుస్తకముతో ఇట్టి సేవ ఆరంభింపవచ్చును. వీధిలో ఒంటరి వృద్ధులెవరు, బిడ్డల ఫోను నంబరేది, మ్రింగవలసిన మాత్రలేవి అనునవి వ్రాసిన చాలును. లింగవంతుల ఇండ్లవద్దనే ఆ పట్టిక ఆగినచో అది బసవని పేరు చెప్పుకొనదగినది కాదు.

ఒక్కరికి మూడు నాలుగిండ్లకు మించి అప్పగింపరాదు. ఉత్సాహముతో పది ఇండ్లు ఒప్పుకొనినవాడు రెండవ నెలలో ఒక్కటియు చూడడు. ప్రతి ఇంటికి ఇద్దరుండుట మేలు. ఏలయన, వాన కురిసిన మరునాడు ఊరంతయు చేలలోనే యుండును. వృద్ధుల ఏటీఎం కార్డు, పొలము కాగితములు సేవకులు చేతబట్టనే రాదు. మంచి సంబంధములు చెడునది అచ్చటనే. ప్రాణాపాయమునకు 108, బిడ్డల నిరాదరణకు, ఇతర సలహాలకు 14567 అను నంబర్లు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను. తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యతయని 2007 నాటి చట్టము చెప్పుచున్నది. అయినను పొరుగువారు మొదట కొడుకుతో నెమ్మదిగా మాటాడుటయే మంచిది.

వృద్ధులను పుచ్చుకొనువారిగానే చూచుట కాయకధర్మమునకు సరిపడదు. లెక్కలు వచ్చిన తాత సాయంత్రము పిల్లలకు చెప్పగలడు. మోకాళ్ల నొప్పితో అరుగు దిగలేని అవ్వ సైతము, ఎదుటి ఇంటి తలుపు ప్రొద్దున తెరచిరా లేదా అని కనిపెట్టి, తెరవనిచో నలుగురిని కేకవేయగలదు.