502 వస్తే మన పేజీ కనిపించాలా? ఇంజిన్‌ఎక్స్‌లో ఇలా సెట్ చేయండి

సైట్ ఓపెన్ చేయగానే తెల్లటి పేజీ మీద "502 బ్యాడ్ గేట్‌వే" అని రావడం మీరూ చూసే ఉంటారు. ముందున్న వెబ్ సర్వర్ బాగానే ఉంది, వెనకున్న అప్లికేషన్ సర్వర్ నుంచే సరైన జవాబు రాలేదని దానర్థం. ఆ తెల్ల పేజీ బదులు మన సొంత పేజీ చూపించడం తేలికే. కానీ ఒక తేడా తెలియకపోతే బాగున్న యాప్ కూడా పాడవుతుంది. నాకు అలాగే అయింది!

ఎర్రర్లు రెండు చోట్ల పుడతాయి

1. ఇంజిన్‌ఎక్స్ సొంతంగా ఇచ్చేవి: యాప్ ఆగిపోయి ఉంటే 502. డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూసినా యాప్ నుంచి ఏమీ రాకపోతే 504. వీటికి సర్వర్ బ్లాక్‌లో 'ఎర్రర్_పేజ్' అని రాసి, పక్కనే కోడ్‌లు, పేజీ పాత్ ఇస్తే చాలు.

2. యాప్ పంపేవి: కోడ్‌లో బగ్ వల్ల యాప్ 500 పంపితే ఇంజిన్‌ఎక్స్ దాన్ని ఉన్నదున్నట్టు యూజర్‌కి ఇచ్చేస్తుంది. ఇక్కడ మన పేజీ రావాలంటే 'ప్రాక్సీ_ఇంటర్‌సెప్ట్_ఎర్రర్స్' ఆన్ చేయాలి. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది.

నేను చేసిన తప్పు

సర్వర్ మొత్తానికి దాన్ని ఆన్ చేసి, ఎర్రర్ల లిస్టులో 404 కూడా పెట్టేశాను. మా మొబైల్ యాప్‌లో తప్పు కూపన్ కొడితే 404తో పాటు "ఈ కూపన్ లేదు" అని జేసన్ వచ్చేది. దాని స్థానంలో హెచ్‌టీఎంఎల్ పేజీ వెళ్లింది, యాప్ క్రాష్! బ్రౌజర్‌లో అంతా బాగానే కనిపించడంతో కారణం దొరికేసరికి సాయంత్రమైంది.

ఇవి గుర్తుంచుకోండి

- మామూలు పేజీల లొకేషన్‌లో మాత్రమే ఇంటర్‌సెప్ట్ ఆన్ చేయండి. ఏపీఐ లొకేషన్‌లో ఆఫ్‌లోనే ఉంచి, 502, 504లకు విడిగా ఒక జేసన్ ఫైల్ ఇవ్వండి.
- ఎర్రర్ పేజీకి వేరే లొకేషన్ రాసి, డిస్క్ నుంచే వెళ్లేలా 'రూట్' ఇవ్వండి. 'ఇంటర్నల్' అని పెడితే బయటివాళ్లు నేరుగా తెరవలేరు.
- సీఎస్ఎస్‌ని ఆ పేజీలోనే రాసేయండి. అది యాప్ నుంచి రావాల్సి ఉంటే, యాప్ పడిపోయినప్పుడు పేజీ బోసిగా కనిపిస్తుంది.
- ఎర్రర్ కోడ్‌ని 200గా మార్చకండి. సైట్ పడిపోయినా మానిటరింగ్ టూల్‌కి అంతా బాగున్నట్టే ఉంటుంది.

చివరగా, కాన్ఫిగ్ టెస్ట్ చేసి రీలోడ్ చేయండి. తర్వాత స్టేజింగ్‌లో యాప్‌ని మీరే ఆపి, బ్రౌజర్‌లో ఒకసారి, మొబైల్ యాప్‌లో ఒకసారి చూడండి. నేను ఆ రెండోది చూడలేదు, మీరు మాత్రం మర్చిపోకండి.