డయాబెటిక్ రెటినోపతి: ముప్పు పెంచే అంశాలు

పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ సైన్స్

బేరిగై, హోసూరు ప్రాంత అభ్యర్థులు సొంత జిల్లా నుంచే గుర్తుంచుకోవాల్సిన అంశమిది. బీపీ, షుగర్ మందులను ఇంటి వద్దకే చేర్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభించింది. బీపీ, షుగర్ అదుపు తప్పితే కళ్లకూ ముప్పే. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడమే డయాబెటిక్ రెటినోపతి.

ఏం జరుగుతుంది?
రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ రెటీనాలోని సూక్ష్మ రక్తనాళాలను బలహీనపరుస్తుంది. వాటి గోడలు చిన్న బుడగల్లా ఉబ్బి, ద్రవం, రక్తం కారతాయి. ముదిరితే పెళుసైన కొత్త నాళాలు పుట్టి, చిట్లి, చూపు పోవచ్చు.

ముప్పు కారకాలు
- మధుమేహం వచ్చి ఎక్కువ ఏళ్లు కావడం
- హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్) అదుపులో లేకపోవడం
- అధిక రక్తపోటు
- మూత్రపిండాల వ్యాధి, అధిక కొలెస్ట్రాల్
- పొగతాగడం
- మధుమేహం ఉన్నవారు గర్భం దాల్చడం

పరీక్ష ఎప్పుడు?
టైప్–2 వారికి మధుమేహం బయటపడగానే, టైప్–1 వారికి అది వచ్చిన 5 ఏళ్లలోపు. కంటిలో చుక్కలు వేసి, కంటిపాపను పెద్దది చేసి రెటీనాను చూస్తారు. తొలిదశలో లక్షణాలు కనిపించవు కాబట్టి చూపు బాగున్నా డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష తప్పనిసరి.

బిట్స్
1. హెచ్‌బీఏ1సీ ఎంతకాలపు సగటు షుగర్‌ను తెలుపుతుంది?
జ: 2–3 నెలలు
2. ప్రపంచ మధుమేహ దినోత్సవం ఎప్పుడు?
జ: నవంబరు 14 (ఇన్సులిన్ ఆవిష్కర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ జయంతి)

మార్కుల కోసం చదివిన ఈ విషయాన్ని ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలకూ చెప్పండి.