మారయ్య తెచ్చిన మిగులు బియ్యము, పడమటి మండలముల నీరు

ఆయ్దక్కి మారయ్య కథ ఎరుగని శరణ బంధువులుండరు. కల్యాణ నగరమున నేలరాలిన బియ్యపు గింజలనేరి తెచ్చుట ఆయన కాయకము. ఆ బియ్యముతోనే ఆయన ధర్మపత్ని లక్కమ్మ వంటచేసి జంగమ దాసోహము నడుపుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె హెచ్చుగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఇది మన కాయకపు కొలతకు మించినది, ఎక్కడినుండి తెచ్చితిరో అక్కడనే పోసి రండని భర్తను తిరిగి పంపెను. ఈ కథను ఆశ విడువవలెనను బోధకు ఉదాహరణముగా చెప్పుట వాడుక. కాని లక్కమ్మ మాటలో వైరాగ్యముతో పాటు ఒక లెక్కయు కలదు. నేటికెంత కావలెను? ఎంత వచ్చినది? మిగిలినది ఎవరిది? మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారు ఈ మూడు ప్రశ్నలను నీటి విషయమున వేసికొనవలసిన కాలము వచ్చి చాల ఏండ్లయినది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇవి పడమటి మండలములు. మైసూరు పీఠభూమి అంచున, సముద్ర మట్టమునకు సుమారు రెండువేల అడుగులకు పైన ఉన్న మెట్ట నేలలు. ఏటికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన కురియును. అదియు కొన్ని దినములలోనే కుండపోతగా కురిసి పోవును. బాహుదా, పాపాఘ్ని, కౌండిన్య, పాలారు అను పేర్లు పెద్దవే గాని ఏడాది పొడుగున పారు నది వీనిలో ఒక్కటియు లేదు. అందుచేతనే పూర్వులు ఒక చెరువు మొరవ పారిన నీరు దిగువ చెరువులో చేరునట్లు గొలుసుకట్టు చెరువులు నిర్మించిరి. తూము తీయుటకు, మడవ కట్టుటకు నీరుగంటివాడుండెడివాడు. ఎవరి మడికి ఎంత నీరు, ఎన్ని గడియలు అనునది ఊరి కట్టుబాటు. ఆ కట్టుబాటులో హెచ్చుతగ్గులు, అన్యాయములు లేకపోలేదు. అయినను చెరువు నీరు కంటికి కనబడునది. ఎంత మిగిలినదో పసిపిల్లలు సైతము చెప్పగలిగెడివారు.

బోరుబావి వచ్చిన పిమ్మట ఆ చూపు పోయినది. ఈ ప్రాంతము నేలక్రింద నల్లరాయి. ఇసుక నేలలలో వలె నీరు లోతుగా నిండి ఉండదు. పైనున్న శిథిలపు రాతిపొరలోను, క్రింది రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. ఆ పొర ఎండినచో ఎంత లోతునకు పోయినను ఫలితము స్వల్పము. వెయ్యి అడుగులు దాటియు తడి తగులని బోర్లు ఈ మండలములలో కొల్లలు. ఒక రైతు బోరు లోతు చేసినపుడు ప్రక్క పొలము బావి ఎండుట, ఆ ప్రక్కవాడు మరింత లోతుకు పోవుట, ఇద్దరును అప్పులపాలగుట ఇచ్చట ఇంటింటి కథ. దీనిని విధి యనుట సరికాదు. ఒకే పాత్రలోని అంబలిని పలువురు పుల్లలతో పీల్చుచు, పాత్ర ఎవరికి వారు తమదేయని తలచుట వలన కలిగిన కష్టమిది.

పాత్ర యొక్కటే యని తెలిసికొని నడచిన వారికి ఏమి జరిగినదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. మదనపల్లెకు సమీపముననే ఋషివ్యాలీ కలదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1920 దశకమున ఆ లోయను విద్యాలయమునకై ఎన్నుకొనినపుడు అది పచ్చని తోట కాదు. చుట్టును బోడికొండలు, బండలు, కరవు. తరువాతి దశాబ్దములలో అచ్చటివారు చేసిన పని చెప్పుటకు సులభమే: వాలులలో నీటి పరుగును ఆపు చిన్న కట్టలు కట్టిరి, ఊట కుంటలు త్రవ్విరి, కొండ వాలులను పశువుల మేత నుండి కాపాడి చెట్లు నాటిరి. చేయుటకు మాత్రము ఓర్పు కావలెను. నాటిన మొక్క బ్రతుకుట కంటె, నాటకయే మొలచిన ముండ్లపొద బ్రతికి తన నీడలో మరియొక విత్తనమును మొలిపించుట వలననే అడవి తిరిగి వచ్చును. దానికి ఏండ్లు పట్టును. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతముగా ప్రకటించిరి. దాదాపు రెండువందల రకముల పక్షులను అచ్చట గుర్తించిరి. రాతి గుట్టల పొదలలో మాత్రమే నివసించు అరుదైన పసుపు గొంతు పికిలిపిట్ట వానిలో నొకటి. పక్షి వచ్చినదనగా పురుగున్నది, పొదయున్నది, తేమయున్నది అని అర్థము. పిట్టల లెక్క నీటి లెక్కకు సాక్ష్యము.

ఋషివ్యాలీకి విద్యాలయమున్నది, దాతలున్నారు, పల్లెకేమున్నదని కొందరనవచ్చును. సమంజసమైన ప్రశ్నయే. దీనికి సమాధానము 2003 నుండి 2009 వరకు చిత్తూరు జిల్లాతో సహా ఏడు కరవు జిల్లాలలో నడచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకమున దొరకును. నెదర్లాండ్సు దేశపు ధనసహాయముతో ప్రారంభమై, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహణలో నడచిన ఆ పథకములో రైతునకు సబ్సిడీ లేదు. బోరు వేయరాదను నిషేధమును లేదు. చేసినదల్లా నేర్పుట. ఊరిలో వర్షమాపకము పెట్టి వానను కొలుచుట, ఎన్నుకొన్న బావులలో నీటిమట్టమును క్రమము తప్పక తాడు వేసి చూచుట, మోటారు ఎంత నీరు తోడుచున్నదో డ్రమ్ము పెట్టి లెక్కించుట. ఇవన్నియు రైతులే, స్త్రీలు పురుషులు కలిసి, చేసిరి. వానకాలము ముగిసి యాసంగి పైరు వేయుటకు ముందు ఊరందరు కూడి, నేలలో ఇంకిన నీరెంత, రానున్న పైరునకు కావలసినదెంతయని గోడపై వ్రాసికొనిరి. లోటు కనబడిన తరువాత వరి మానుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు. పలుచోట్ల రైతులు తమంతట తామే వరి తగ్గించి వేరుశనగ, కంది వంటి పైరులకు మారిరి. లెక్క కంటబడినపుడు మనసు మారుట మానవ సహజము. లక్కమ్మ చేసినదియు ఇదే కదా! ఆమె భర్తను నిందింపలేదు, చేటలోని బియ్యమును చూపినది.

ఇటీవల పరిశోధకులు దీనినే ఆటగా మార్చి ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఆడించిరి. అయిదుగురు ఆటగాండ్రు, అందరికి కలిపి ఒకే నీటి నిల్వ. ప్రతి వంతున ఒక్కొక్కడు తక్కువ నీటి పైరో, ఎక్కువ నీరు త్రాగి ఎక్కువ లాభమిచ్చు పైరో ఎన్నుకొనవలెను. అందరును లాభమునకు పోయినచో కొన్ని వంతులలోనే నిల్వ ఎండి ఆట ముగియును. తమలో తాము మాటలాడుకొనుటకు అనుమతి ఉన్నపుడు ఏమగునో, లేనపుడు ఏమగునో పోల్చి చూచుటయే ఇందలి ముఖ్యాంశము. దీనికి కావలసినది ఒక చాప, కొన్ని చింతగింజలు మాత్రమే. మఠములలోను, బడులలోను, స్వయంసహాయక సంఘముల కూటములలోను ఒక సాయంకాలము ఆడించినచో ఉపన్యాసముకంటె ఎక్కువ పనిచేయును. అనుభవ మంటపమున శరణులు కూర్చుండి మాటలాడుకొనుట ఊరక కాలక్షేపమునకు కాదు గదా.

టమోటా మాటయు చెప్పక తప్పదు. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశములోనే పెద్దవానిలో నొకటి. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి అమ్ముడైనది. మరికొన్ని ఏండ్లలో కోతకూలి సైతము రాక రైతులు కాయలను త్రోవ ప్రక్కన పారబోసిన దినములున్నవి. పారబోసినది కాయ మాత్రమే కాదు, దానితో పాటు వెయ్యి అడుగుల లోతునుండి తోడిన నీరు కూడ. 2003లో రాష్ట్రమున ఆరంభమైన సూక్ష్మసేద్య పథకము వలన డ్రిప్పు ఈ మండలములలో బాగుగా వ్యాపించినది. మంచిదే. కాని డ్రిప్పుచే మిగిలిన నీటితో మరి రెండెకరములు సాగుచేసినచో నేలక్రింద మిగిలినదేమి? మారయ్య సంచి పెద్దది చేసికొన్నట్లగును.

పుంగనూరు పేరు వినగానే నేడు దేశమంతటికి గుర్తు వచ్చునది ఆ పొట్టి ఆవు. మూడడుగులు మించని ఎత్తు, మెట్టనేలలో దొరకు ఎండుమేతతోనే బ్రతుకు ఓర్పు, పాలలో సుమారు 8 శాతము వెన్న, ఇవి దాని గుణములు. సంకరజాతి పశువులు వచ్చిన పిమ్మట ఈ జాతి అంతరించు స్థితికి చేరగా, పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రము దానిని నిలబెట్టినది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రము వెలువడిన తరువాత గిరాకీ మిక్కుటమైనది. పట్టణములలో దీనిని ముద్దుకై హాలులో పెంచువారును బయలుదేరిరి. అది ఆవునకు గౌరవమో, అగౌరవమో పాఠకులే యోచింతురు గాక. ఈ పశువు విలువ పొలములో ఉన్నది. పది కిలోల పేడ, అయిదు నుండి పది లీటర్ల మూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు గట్టు మన్ను, రెండువందల లీటర్ల నీరు కలిపి నీడలో ఊరబెట్టినచో ఎకరమునకు సరిపడు జీవామృతమగును. చిన్న రైతునకు చిన్న పశువు చాలును.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ ఉద్యమము 2016 ప్రాంతమున మొదలై, 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ మానవతా బహుమతిని మరి ఇరువురితో కలిసి పొందినది. ఆ ఉద్యమములో ఈ మండలములకు మిక్కిలి పనికివచ్చునది తొలకరికి ముందే, ఎండు దుక్కిలోనే, పలు రకముల విత్తనములను చల్లు పద్ధతి. మట్టి, పేడ పూత పెట్టిన రాగి, సజ్జ, కొర్ర, అలసంద, ఉలవ, కంది, నువ్వుల వంటి విత్తనములను చల్లి పైన గడ్డి కప్పుదురు. స్వల్పముగా వాన పడినను అవి మొలచి నేలను కప్పును. కప్పిన నేల చల్లగా ఉండును, వాననీటిని జారనీయక ఇంకించుకొనును.

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. 1980 దశకమున పొరుగు రాష్ట్రముల అడవుల నుండి ఏనుగుల మందలు ఇచ్చటికి వలస వచ్చినవి. వానికొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అడవిలో నీరు, మేత తగ్గినపుడు అవి చెరకు, అరటి, వరి పొలములపై పడును. పంటతో పాటు ప్రాణములును పోవుచున్నవి, మనుష్యులవియు, విద్యుత్తు తీగెలు తగిలి ఏనుగులవియు. మందలను అడవిలోనికి మళ్లించుటకు 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించినది. అడవిలోని కుంటలలో పూడిక తీయుట కూడ దానితో సమానముగా ముఖ్యము. దొంగ కరెంటు కంచె వేయుట మాత్రము హింస; శివుని ఎదుట దానికి సాకు లేదు.

సూర్యశక్తి విషయమున కుప్పము ముందున్నది. ఇంటికప్పుపై సోలార్ పలకలు పెట్టుకొనువారికి 2024లో కేంద్రము ప్రారంభించిన పథకము క్రింద రెండు కిలోవాట్లకు 60,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు సహాయము నిర్ణయింపబడినది. 2025 జనవరిలో కుప్పము నియోజకవర్గములోని నడిమూరు గ్రామమును ఇంటింట సోలార్ కలుగు మాదిరి గ్రామముగా ఎన్నుకొనిరి.

ఇక పర్వదినముల సంగతి. సొన్నలిగె సిద్ధరామ శివయోగి చెరువు త్రవ్వించిన కర్మయోగి. నేటి సోలాపురమున ఆ చెరువు కలదు. అల్లమప్రభువు వచ్చి ఆయనను ప్రశ్నించిన వృత్తాంతమును కొందరు చెరువు పనిని తక్కువచేయుటకు వాడుదురు. ప్రభువు ప్రశ్నించినది చెరువును కాదు, చేయించితినను అభిమానమును. వైశాఖ శుద్ధ తదియ నాడు బసవ జయంతి వచ్చును. అప్పటికి చెరువులెండి ఉండును, తొలకరికి కొన్ని వారములుండును. ఊరి చెరువు పూడిక తీయుటకు, ఆ ఒండ్రును పొలములకు తోలుకొనుటకు ఇంతకంటె తగిన సమయము లేదు. గ్రామ పంచాయతీ అనుమతి ముందుగా పొందవలెను. కట్టకు దాపున త్రవ్వరాదు, త్రవ్వినచో కట్ట బలహీనపడును. మొరవకు అడ్డుగా పెరిగిన సర్కారు తుమ్మను వేరుతో తీయవలెను, నరికి వదలినచో రెట్టింపుగా చిగుర్చును.

శివరాత్రికి, కార్తీక సోమవారములకు, జాతరలకు జరుగు అన్నదానములలో ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు వాడుట 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధము. మోదుగాకు విస్తళ్లు కుట్టు స్త్రీలకు నెల ముందే పని చెప్పినచో వారి కాయకమును నిలుచును, వంకలును పూడవు. దాసోహమునకు కూర్చున్నవారికి వడ్డించునపుడు అడిగి వడ్డించుట మరువరాదు.

మఠముగాని, కల్యాణ మంటపముగాని, ఇల్లుగాని, నూరు చదరపు మీటర్ల మిద్దె ఉన్నచో ఒక చిన్న గణితము చేసి చూడవచ్చును. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరు. 700 మిల్లీమీటర్లకు 70,000 లీటర్లు. ఆవిరి, ఒలుకు పోగా 56,000 లీటర్లు దక్కును. మనిషికి దినమునకు 40 లీటర్ల చొప్పున అయిదుగురున్న ఇంటికి ఇది 280 దినముల నీరు. మొదటి వాన మిద్దె దుమ్మును కడుగును గనుక దానిని వదలి, రెండవ వాననుండి గులకరాళ్లు, బొగ్గు, ఇసుక వేసిన గుంట ద్వారా తొట్టిలోనికి గాని, ఎండిన పాత బావిలోనికి గాని మళ్లింపవలెను. మిద్దె మీది ఆకులు, చెత్త వైశాఖములోనే ఊడ్చి, గొట్టములు సరిచూచుకొనవలెను.